మిగిలింది ఎవరికి?

2024 మార్చి మొదటి వారం, డెన్వర్. పని ముగించుకుని గదికొచ్చి ఫోన్ తీస్తే, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు బ్రాంకోస్ జస్టిన్ సిమన్స్‌ని తీసేసిందన్న వార్త కనిపించింది. సిమన్స్ ఎనిమిది సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. నా దగ్గరున్న ఒకే ఒక్క జెర్సీ మీద ఉన్నది అతని నంబరే, 31. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "మంచి పని చేశారు. 1.45 కోట్ల డాలర్లు మిగిలాయి."

పక్క మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న రూమ్మేట్ తల ఎత్తాడు.

"ఎవరికి మిగిలాయి?"

"టీమ్‌కి."

"టీమ్ అంటే ఎవర్రా? నువ్వా?"

వాడికి ఆట తెలియదు. అందుకని ఓపిగ్గా శాలరీ క్యాప్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. బోనస్ ఏడాదికింత అని ఎలా పంచుతారో, ముప్పై దాటిన ఆటగాడి మీద అంత డబ్బు పెట్టడం ఎందుకు తెలివితక్కువో, అన్నీ చెప్పాను. వాడు మొత్తం విని, "సరే, ఎవరికి మిగిలాయో మాత్రం చెప్పలేదు" అని మళ్లీ లాప్‌టాప్‌లోకి తల దించేసుకున్నాడు. వాడు వెతుక్కుంటున్నది ఉద్యోగం. లేఆఫ్ అయి అప్పటికి నెలన్నర. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువులో రెండు వారాలే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు సిగ్గేం వేయలేదు. విసుగొచ్చింది, ఆట తెలియనివాడు మధ్యలో దూరి మాట్లాడుతున్నాడని. వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

*

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. నేను చెబుతున్నది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికా ఆట. దాని పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. 32 జట్లు. సెప్టెంబర్‌లో మొదలై ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌తో ముగుస్తుంది. మిగతా నెలలన్నీ ఆఫ్‌సీజన్. మైదానంలో ఆట ఉండదు గానీ, జట్టుని కూల్చి మళ్లీ కట్టే పనంతా అప్పుడే. మార్చిలో కాంట్రాక్ట్ ముగిసినవాళ్ల కోసం పోటీపడతారు. ఏప్రిల్‌లో కాలేజీ కుర్రాళ్లని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు. ఆగస్టు చివరికి 90 మందిని 53కి తగ్గిస్తారు.

ఇదంతా ఒక గీతకి లోబడి జరగాలి. ఆ గీతే శాలరీ క్యాప్. ఏడాదిలో ఆటగాళ్ల జీతాల కింద ఏ జట్టూ అంతకు మించి లెక్క చూపకూడదు. ఐపీఎల్ వేలంలో పర్స్ తెలుసు కదా, 2025 సీజన్‌కి ఒక్కో జట్టుకి 120 కోట్ల రూపాయలు ఇచ్చారే, దాదాపు అలాంటిదే. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ క్యాప్ 25.54 కోట్ల డాలర్లు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆటగాడు సంతకం పెట్టగానే 5 కోట్ల బోనస్ ఇచ్చారనుకోండి. డబ్బు త్వరలోనే అతని ఖాతాలోకి వెళ్లిపోతుంది. క్యాప్ లెక్కలో మాత్రం ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్లకి పంచి రాసుకోవచ్చు. రెండేళ్లకే అతన్ని పంపించేస్తే, ఇంకా రాయని 3 కోట్లు జట్టు లెక్క మీద వచ్చి పడతాయి. మనిషి ఉండడు, లెక్క ఉంటుంది. దీన్ని డెడ్ మనీ అంటారు.

ఈ లెక్కలంటే నాకు పిచ్చి. నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉండేది. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. పేరు, వయసు, ఈ ఏడాది క్యాప్ లెక్క, వచ్చే ఏడాది క్యాప్ లెక్క. చివరి కాలమ్ 'తీసేస్తే మిగిలేది'. ఆ కాలమ్‌కి ఆకుపచ్చ రంగు వేసుకున్నాను. ఎవరి గడి ఎంత పచ్చగా ఉంటే వాడు అంత త్వరగా పోవాలన్నమాట. ప్రతి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ముగిసిన మర్నాడు ఆ షీట్ తెరిచి ఎవరెవరిని తీసేయాలో తేల్చేవాణ్ణి. నాకెవరూ జీతమివ్వలేదు, అడగనూ లేదు. ఊరి పెళ్లికి కుక్కల హడావుడి అంటారే, అది నేనే.

*

ఇప్పుడు డెన్వర్ కథ.

2022 మార్చిలో బ్రాంకోస్ సియాటిల్ నుంచి రస్సెల్ విల్సన్ అనే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుంది. బదులుగా ముగ్గురు ఆటగాళ్లని, మొదటి రౌండు డ్రాఫ్ట్ ఎంపికలు రెండు, రెండో రౌండువి రెండు సహా చాలానే ఇచ్చుకుంది. ఆ వేసవిలో జట్టు చేతులు మారింది. వాల్‌మార్ట్ వారసుడు రాబ్ వాల్టన్ కుటుంబం నడిపే బృందం 465 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. సెప్టెంబర్ మొదట్లో, విల్సన్ డెన్వర్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, 24 కోట్ల డాలర్లు దాటిన కొత్త కాంట్రాక్ట్ అతని చేతిలో పెట్టారు. పాత కాంట్రాక్ట్‌లో ఇంకా రెండేళ్లున్నాయి. తొందరేమీ లేదు. అయినా పెట్టారు.

ఆట కుదరలేదు. మొదటి ఏడాది 5 గెలుపులు, 12 ఓటములు. రెండో ఏడాది కాస్త నయం, 8 గెలుపులు. ఆ రెండో ఏడాది చివరి రెండు మ్యాచ్‌లకి అతన్ని పక్కన కూర్చోబెట్టారు. జట్టులో ఊపు తేవడానికే అన్నాడు కోచ్. విల్సన్ చెప్పింది వేరు: కాంట్రాక్ట్‌లో ఉన్న గాయం గ్యారంటీని మార్చుకోకపోతే కూర్చోబెడతామని సీజన్ మధ్యలోనే తనకి చెప్పారని బహిరంగంగానే అన్నాడు. ఆటలో పెద్ద దెబ్బ తగిలి మార్చి నాటికి కోలుకోకపోతే, 2025 జీతం 3.7 కోట్ల డాలర్లు ఖాయంగా ఇచ్చుకోవాల్సి వచ్చేది.

2024 మార్చిలో అతన్ని వదిలేశారు. డెడ్ మనీ 8.5 కోట్ల డాలర్లు. లీగ్ చరిత్రలో అప్పటికి అంత పెద్దది లేదు. దాన్ని రెండు ముక్కలు చేసి 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లుగా రాసుకున్నారు. అంటే 2024 క్యాప్‌లో ఐదో వంతు, జట్టులో లేని మనిషి పేరు మీద.

ఆ గొయ్యి పూడ్చాలి. అదే వారంలో సిమన్స్‌ని తీసేశారు. డెన్వర్ తరఫున 30 సార్లు ప్రత్యర్థి పాస్‌ని మధ్యలో అందుకున్న సేఫ్టీ అతను. ఆ వెంటనే జెర్రీ జూడీ అనే రిసీవర్ని ఐదో రౌండు, ఆరో రౌండు ఎంపికలకి క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేశారు. సిమన్స్ స్థానంలో మయామీ నుంచి బ్రాండన్ జోన్స్‌ని మూడేళ్లకి 2 కోట్ల డాలర్లకి తెచ్చుకున్నారు. జోన్స్ బాగా ఆడాడు. ఆట వరకూ చూస్తే అది తప్పు నిర్ణయం అని నేను వాదించడం లేదు. వాదిస్తే నా షీటే నన్ను ఓడిస్తుంది.

నా గొడవ వేరు. విల్సన్‌ని తెచ్చింది సిమన్స్ కాదు. ఆడకముందే 24 కోట్లు రాసిచ్చింది సిమన్స్ కాదు. ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్ జార్జ్ పేటన్ ఉద్యోగం పోలేదు. సంతకం పెట్టిన కొత్త ఓనర్లకి ఆ 8.5 కోట్లు ఒక లెక్కా కాదు, అమెరికాలో అందరికన్నా ధనవంతులైన కుటుంబాల్లో వాళ్లదొకటి. వాళ్లు తలచుకుంటే విల్సన్‌కి ఇవ్వాల్సింది ఇచ్చి, సిమన్స్‌నీ ఉంచుకోగలరు. ఒప్పుకోనిది బ్యాంకు ఖాతా కాదు, క్యాప్. అంటే పైవాడి తప్పుకి పైవాడు తన జేబులోంచి కట్టుకోవడానికి కూడా వీల్లేని ఏర్పాటిది. ఆ తప్పు ఖరీదు పక్కనున్న ఇంకో పనివాడి ఉద్యోగంలోంచే రావాలి. నియమమే అలా రాసి ఉంది.

మేం ఫ్యాన్లం దీన్ని ఏమన్నాం? "కష్టమైన నిర్ణయం. కానీ బాధ్యత గల నిర్ణయం."

*

ఇంత గొయ్యిలో పడ్డ జట్టు 2024లో 10 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. 2016 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాక మళ్లీ ప్లేఆఫ్స్ చూడటం అదే మొదటిసారి. నేను కేకలు పెట్టి పక్క ఫ్లాట్‌వాళ్ల చేత తలుపు కొట్టించుకున్నాను. ఆఫ్‌సీజన్‌లో జట్టుని ఎలా కట్టాలో చూపించే పాఠం అని అందరూ రాశారు.

పాఠం ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. విల్సన్ స్థానంలో వచ్చినవాడు బో నిక్స్, డ్రాఫ్ట్‌లో 12వ ఎంపిక. నాలుగేళ్లకి కలిపి అతని జీతం సుమారు 1.86 కోట్ల డాలర్లు. ఆడని విల్సన్ పేరు మీద 2024 ఒక్క ఏడాదే 5.3 కోట్లు రాసుకున్న జట్టు, ఆడే క్వార్టర్‌బ్యాక్‌కి నాలుగేళ్లకి ఇచ్చేది అందులో సగం కూడా కాదు. అద్భుతం జరిగింది అక్కడే.

నిక్స్ అంత తక్కువకి ఎందుకు ఒప్పుకున్నాడు? ఒప్పుకోకపోతే ఏం చేస్తాడు? డ్రాఫ్ట్ అయిన కుర్రాడు తనని ఎంచుకున్న జట్టుతో తప్ప మరో జట్టుతో బేరం ఆడలేడు. ఏ ఎంపికకి ఎంతన్నది ముందే పట్టికలో ఉంటుంది. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త కాంట్రాక్ట్ మాటే ఎత్తకూడదు. మొదటి రౌండు వాడైతే ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుదే. ఈ పట్టిక 2011లో వచ్చింది. దాని బలం తెలియాలంటే రెండు పేర్లు చాలు. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్: ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్లు. 2011లో మొదటి ఎంపిక కామ్ న్యూటన్: నాలుగేళ్లకి 2.2 కోట్ల డాలర్లు. ఏడాది తేడాలో ఆట మారలేదు, టీవీ డబ్బు తగ్గలేదు. నియమం మారింది.

అప్పటి నుంచి తెలివైన రోస్టర్ అంటే అర్థం ఇదే: పట్టిక జీతంలో ఉన్న కుర్రాళ్లని వీలైనంత మందిని పెట్టుకో, వాళ్లకి అసలు ధర పలికే రోజు రాగానే ఇద్దరు ముగ్గురికి ఇచ్చి మిగతావాళ్లని వదిలెయ్. బ్రాంకోస్ ఆ ఇద్దరు ముగ్గురికి ఇచ్చింది కూడా. అదే సెప్టెంబర్‌లో పాట్ సర్టైన్‌కి నాలుగేళ్లకి 9.6 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. డబ్బు లేదన్న మాట ఎప్పుడూ నిజం కాదు. ఎవరి కోసం లేదు అన్నదే ప్రశ్న.

సిమన్స్ ఆ ఏడాది అట్లాంటాకి ఆడాడు. ఆ జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. డెన్వర్‌లో ఎనిమిదేళ్లలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడనివాడు, తను వెళ్లిన ఏడాదే వాళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లడం టీవీలో చూసి ఉంటాడు.

*

క్యాప్ గురించి మేం మాట్లాడుకునే తీరులో ఒక విచిత్రం ఉంది. వానల గురించి రైతు మాట్లాడినట్టు మాట్లాడతాం. ఈ ఏడు క్యాప్ బాగా పెరిగింది, వచ్చే ఏడు టైట్‌గా ఉంటుంది అని. అది ఆకాశం నుంచి పడదు. కొంతమంది కూర్చుని రాసుకున్నది.

1992, 93 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు కూడా స్వేచ్ఛగా ఇంకో జట్టుకి వెళ్లలేకపోయేవాడు. ఆటగాళ్లు కోర్టుకెళ్లి గెలిచారు. వెళ్లే హక్కు వచ్చింది. దానికి బదులుగా ఓనర్లు రాయించుకున్నది క్యాప్. 1994లో మొదటి క్యాప్ 3.46 కోట్ల డాలర్లు. స్వేచ్ఛ ఇస్తాం, దాని ధరకి మాత్రం మూత పెడతాం అన్నారు.

ఆ మూత ఎవరిదో తెలియాలంటే 2010కి వెళ్లాలి. పాత ఒప్పందం నుంచి ఓనర్లే ముందుగా తప్పుకోవడంతో ఆ ఒక్క సీజన్‌కి క్యాప్ లేకుండా పోయింది. నియమం లేదు కాబట్టి కొన్ని జట్లు కాంట్రాక్టులు తమకి అనువుగా రాసుకున్నాయి. 2012 మార్చిలో లీగ్ ఏం చేసిందో తెలుసా? వాషింగ్టన్ జట్టు క్యాప్‌లోంచి 3.6 కోట్లు, డాలస్ క్యాప్‌లోంచి కోటి డాలర్లు కోసేసింది. లేని క్యాప్‌ని దాటినందుకు శిక్ష! రాసిన నియమాన్ని కాదు, ఓనర్లు తమలో తాము అనుకున్న మాటని వాళ్లు దాటారు. ఇంకెవరైనా వ్యాపారస్తులు జీతాలు పెంచొద్దని ఇలా కట్టుబాటు చేసుకుంటే దాన్ని కుమ్మక్కు అంటాం. ఇక్కడ లీగ్ పెట్టుకున్న పేరు 'పోటీ సమతూకం'.

*

ఇక్కడ మీకు కొన్ని అభ్యంతరాలుంటాయని తెలుసు. నావీ అవే. ఏళ్ల తరబడి వాటితోనే బతికాను.

మొదటిది: వాళ్లు కోటీశ్వరులు, వాళ్ల కోసం ఏడవడమేంటి? ఏడవమని అనడం లేదు. విల్సన్‌కి అన్యాయం జరిగిందని కూడా అనడం లేదు. 2024లో అతనికి రావాల్సిన 3.9 కోట్లు వచ్చాయి. కానీ జట్టులో విల్సన్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లలో చాలామంది కనీస జీతం చుట్టుపక్కల ఉంటారు. 2024లో కొత్తవాడి కనీస జీతం 7.95 లక్షల డాలర్లు. పెద్ద మొత్తమే. అది కూడా జట్టులో ఉన్న వారాలకే. మోకాలు పోతేనో, తలకి దెబ్బ తగిలితేనో రెండో ఏడాది ఉండకపోవచ్చు. మూడు సీజన్లు నిండకపోతే పెన్షన్ కూడా లేదు. ఇంకో మాట. కోటీశ్వరుడైన ఆటగాడి గురించి మనకి ఇంత అసూయ ఉంటే, అతని మీద మిగుల్చుకునే వందల కోట్లవాడి గురించి ఎందుకు లేదు? ఆటగాడి జీతం నోటికి వచ్చు. ఓనరు ఆదాయం ఎంతో ఎప్పుడైనా వెతికామా?

రెండోది గట్టి వాదన: క్యాప్ లేకపోతే పెద్ద ఊళ్ల జట్లే అన్నీ కొనేస్తాయి, గ్రీన్ బే లాంటి చిన్న ఊరికి దిక్కుండదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూడు అంటారు. నిజమే, అక్కడ అదే జరుగుతోంది. కానీ గ్రీన్ బేని బతికిస్తున్నది జీతాల మూత కాదు, పంచుకునే ఆదాయం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జాతీయ టీవీ డబ్బంతా ఒక చోట పోసి 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి. 2024 మార్చితో ముగిసిన ఏడాదికి గ్రీన్ బేకి అలా వచ్చిన వాటా 40 కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత మొదలైన సీజన్‌లో ఆటగాళ్ల క్యాప్ 25.54 కోట్లు, ఇతర ప్రయోజనాల కింద ఇంకో 7.4 కోట్లు. రెండూ కలిపినా 33 కోట్లు దాటలేదు. అంటే ఒక్క టికెట్ అమ్మకముందే, ఒక్క బీరు గ్లాసు పోయకముందే, లీగ్‌లో అతి చిన్న ఊరి జట్టు తన ఆటగాళ్ల ఖర్చు మొత్తం కట్టేసి ఇంకా మిగుల్చుకోగలదు. సమానత్వం వచ్చింది అక్కడి నుంచి. మూత పెట్టింది ఆ మిగులు కోసం.

పైగా ఆ మూత సమానత్వం తెచ్చిందా? క్యాప్ వచ్చాక న్యూ ఇంగ్లండ్ ఒక్కటే ఆరు సూపర్ బౌల్స్ గెలిచింది. అదే క్యాప్ కింద క్లీవ్‌లాండ్, డిట్రాయిట్ ఒక్క సూపర్ బౌల్ కూడా ఆడలేదు.

మూడోది: ఆటగాళ్ల యూనియనే సంతకం పెట్టింది కదా? పెట్టింది. ఆదాయంలో సుమారు 48 శాతం ఆటగాళ్లకి వచ్చేలా, జట్లు మరీ తక్కువ ఖర్చు పెట్టకుండా కింద కూడా ఒక గీత ఉండేలా రాయించుకుంది. అది చిన్న విజయం కాదు. కానీ 2020 మార్చిలో ఆ ఒప్పందం మీద ఓటేస్తే అవుననేవాళ్లు 1,019 మంది, కాదనేవాళ్లు 959 మంది. అరవై ఓట్ల తేడా. అంటే మేం సహజ ధర్మం అనుకుని వాదించే దాన్ని, దాని కింద బతికేవాళ్లలో దాదాపు సగం మంది వద్దన్నారు. వాళ్లకన్నా మాకే దాని మీద నమ్మకం ఎక్కువ.

క్యాప్‌ని రేపే ఎత్తేయాలని నేనడం లేదు. కనీసం రెండు మార్పులు అడగొచ్చు. ఎన్‌బీఏలో మాదిరిగా ఇచ్చిన మాట మొత్తానికి గ్యారంటీ ఉండాలి. మేనేజ్‌మెంట్ తప్పు వల్ల వచ్చిన డెడ్ మనీ ఓనరు జేబులోంచి పోవాలి గానీ, మిగతా ఆటగాళ్ల వాటాలోంచి కాదు. ఈ రెండో మార్పు వస్తే ఇంకో సిమన్స్‌కి పనికొచ్చేది. ఏ ఫ్యాన్ నోటా ఇది వినలేదు. నా నోటా రాలేదు.

*

ఎందుకు రాలేదన్నదే నన్ను తొలుస్తున్న విషయం.

ఆట చూసేటప్పుడు మనం ఆటగాడిలా ఊహించుకుంటాం. చిన్నప్పుడు గల్లీలో బ్యాట్ పట్టుకుని నేనే సచిన్ అన్నవాళ్లమే కదా. ఎవరూ నేనే బీసీసీఐ ట్రెజరర్‌ని అనలేదు. ఎప్పుడో పెద్దయ్యే దారిలో అది తిరగబడింది. ఇప్పుడు వేలం రోజు హైదరాబాద్ కెఫేల్లో కూర్చున్న కుర్రాళ్లు మాట్లాడేది వినండి. "క్లాసెన్‌కి 23 కోట్లు పెట్టేశాక పర్స్‌లో ఏం మిగిలింది మామా?" "వాణ్ణి రిలీజ్ చేసి ఆర్‌టీఎం వాడాల్సింది." ప్రతివాడూ ఓనరు పక్కన కూర్చున్న అకౌంటెంటే. ఐదేళ్ల ఐపీఎల్ మీడియా హక్కులు 48,390 కోట్ల రూపాయలకి అమ్ముడుపోయాయి, అందులో ఆడేవాళ్లకి ఎంత వస్తోందని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అమెరికాలో కనీసం ఓటేయడానికి యూనియన్ ఉంది. ఇప్పుడు ఆడుతున్న మన క్రికెటర్ల తరఫున బేరమాడే యూనియనే లేదు.

ఈ అలవాటు భాషలోంచే ఎక్కుతుంది. ఆటగాడు తక్కువకి సంతకం పెడితే 'టీమ్-ఫ్రెండ్లీ డీల్'. ఎక్కువ అడిగితే 'స్వార్థం'. జట్టు మాట తప్పితే 'బిజినెస్'. ఆటగాడు మాట తప్పితే 'క్యారెక్టర్ లేదు'. తీసేస్తే 'క్యాప్ క్యాజువాల్టీ', యుద్ధంలో పోయినట్టు, ఎవరూ కాల్చనట్టు. వెళ్లిపోయిన మనిషికి రావాల్సిన డబ్బు 'డెడ్'. ఎవరికి చచ్చిన డబ్బు? తీసుకున్నవాడికి కాదు కదా.

ఈ మాటలు మైదానం దగ్గరే ఆగిపోతే ఇంత రాయక్కర్లేదు. మనలో ఎంతమందిమి బెంచ్ మీద కూర్చున్నాం? ఆ మాటా ఆటలోంచి వచ్చిందే. మన రూమ్మేట్‌నో, పక్క సీటువాణ్ణో తీసేసినప్పుడు మనలో మొదట పలికేది ఏ గొంతు? నాకు తెలుసు. వాడి లేఆఫ్ వార్త విన్నప్పుడు నేను లోపల అనుకున్నది ఇదే: వాడి ప్రాజెక్ట్‌లో మార్జిన్ తక్కువ, వాడు కొంచెం ఖరీదు కూడా, కంపెనీ వైపు నుంచి చూస్తే... కంపెనీ వైపు నుంచి చూడమని నాకు ఎవరు చెప్పారు? వాడు నా స్నేహితుడు. నాకు ఆ కంపెనీలో ఒక్క షేరు కూడా లేదు. ఏళ్ల తరబడి ప్రతి ఫిబ్రవరీ ఆ షీట్‌లో ప్రాక్టీస్ చేశాను. అసలు మ్యాచ్ వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆడింది.

60 రోజుల గడువు ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా వాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను. దారిలో వాళ్ల నాన్నగారి ఆరోగ్యం గురించి, కారు అమ్మడం గురించి మాట్లాడుకున్నాం. ఫుట్‌బాల్ మాట ఎవరం ఎత్తలేదు.

ఆట చూడటం నేను మానలేదు. మానమని మీకూ చెప్పను. ఆఫ్‌సీజన్ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, ఆ షీట్ కూడా ఇంకా ఉంది. ఆకుపచ్చ కాలమ్ మాత్రం తీసేశాను. దాని బదులు అడుగున ఒక కొత్త వరస చేర్చి, పేరు దగ్గర 'ఓనర్' అని రాశాను. ఈ ఏడాది ఎంత తీసుకున్నాడు, ఎంత మిగుల్చుకున్నాడు అని కాలమ్స్ పెట్టాను. వాడు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ గళ్లలోనే ఉండాలి.

నింపుదామని వెతికాను. గ్రీన్ బే జట్టుకి షేర్‌హోల్డర్లు మామూలు జనం కాబట్టి ఏటా లెక్కలు బయటపెడుతుంది. మిగతా 31 జట్ల ఖాతాలు బయటికి రావు. 53వ ఆటగాడి జీతం డాలరుతో సహా నాకు తెలుసు. ఓనర్ వరస ఇప్పటికీ ఖాళీగా ఉంది.